ఊదిన నీళ్ళు

వీడియోను పదకొండు వేలమంది చూశారని తెలిసేసరికి ఖైరున్‌బీ స్టవ్ ఆపేసింది.

"ఈ ఇంట్లో ఇయ్యాళ వంట లేదు. ఆకలైనోళ్ళు పోయి ఆ ఆదిశేషమ్మ ఇంట్లో తినండి," అంది.

ఆ ఇంట్లో అందరూ మాట్లాడుకునేది ఉర్దూలోనే. కానీ ఖైరున్‌బీకి కోపం మాత్రం తెలుగులో వస్తుంది. ఆమె "అజీ" అని పిలిస్తే మౌలానా కరీముల్లా నిశ్చింతగా కూర్చుంటాడు. "ఏందయ్యా" అన్నదంటే చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోతాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన కనిపెట్టిన ఉపాయం అదొక్కటే.

"ఏందయ్యా నువ్వు చేసిన పని?"

ఇవాళ బయటికి వెళ్ళడానికి లేదు. వరండాలో పార్టీ కూర్చుని ఉంది.

పార్టీ అంటే ప్రస్తుతానికి ఇద్దరు. ఒకడు మండల కన్వీనర్ హరినాథ్. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒక బ్రౌన్ కవరును చంకలో గట్టిగా ఇరికించుకున్నాడు. అందులో ఉన్నది బీఫారం. మధ్యాహ్నం మూడు గంటల్లోపు అది మండలాఫీసులో ఎన్నికల అధికారి బల్ల మీద పడితేనే కరీముల్లా తీగలపాళెం మండలానికి పార్టీ జెడ్పీటీసీ అభ్యర్థి. పడకపోతే ఆయనకు ఏ బకెట్టు గుర్తో, కుట్టుమిషను గుర్తో ఇచ్చి ఇండిపెండెంటు అంటారు.

రెండోవాడు సుశీల్ కుమార్, రొయ్యల మేత డీలరు. ఏదైనా జరిగితే అక్కరకొస్తాడని పార్టీ అతనిచేత కూడా ఒక డమ్మీ నామినేషన్ వేయించింది. డమ్మీలు మామూలుగా నామినేషన్ వేసిన రోజు తర్వాత కనపడరు. సుశీల్ కుమార్ మాత్రం పొద్దున ఎనిమిదికే ఇస్త్రీ మడత చెదరని తెల్లచొక్కాతో వచ్చి గేటు పక్కన నిలబడ్డాడు. ఏదో జరగబోతున్నట్టు అతని మొహం చూస్తేనే తెలుస్తోంది.

"నేనేం చేశాను?" అన్నాడు కరీముల్లా, లోపలి గదిలో టోపీ సర్దుకుంటూ. "ముసలామె నీళ్ళసీసా తెచ్చింది. ఊదాను."

"ఎవురా ముసలామె?"

"ఆదిశేషమ్మ."

"ఎవురి తల్లి?"

కరీముల్లా టోపీని మళ్ళీ సర్దుకున్నాడు.

"హజరత్తయ్య తల్లి! నీ మీద పోటీ చేస్తా ఉండే హజరత్తయ్య కన్నతల్లి!" అంది ఖైరున్‌బీ. "ఆయమ్మ అడగతానే నువ్వు ఊదతావా? కళ్ళు పోయినాయా నీకు?"

"కళ్ళు మూసుకున్నాను గదా," అన్నాడు ఆయన, చాలా నిజాయితీగా.

ఆయన తప్పేం లేదని నేను అనను. కానీ ఆ అలవాటు నిన్నా మొన్నటిది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ ఊరి మసీదులో ఇమాంగా ఉన్నాడు. సాయంత్రం నమాజు అయ్యేసరికి మసీదు మెట్ల కింద తల్లులు బారులు తీరేవాళ్ళు. ఏడుపు మానని పిల్లలు, జ్వరం దిగని పిల్లలు, మూత తీసి పట్టుకున్న నీళ్ళసీసాలు. ఆ వరసలో బీబీల కంటే పెంచలమ్మలూ ఎలిశబెతులూ ఎక్కువ. కరీముల్లా వాళ్ళను అడిగేది ఒకటే: "ఏం కావాలమ్మా?" వాళ్ళు చెప్పింది చెప్పినట్టు కళ్ళు మూసుకుని అల్లాకు విన్నవించి, నీళ్ళలో ఊదేవాడు. అడిగినవాళ్ళ కోరికలో మనం వేలు పెట్టకూడదని ఆయన తండ్రి నేర్పిన పద్ధతి.

నిన్న పొద్దున ప్రచారానికి బయల్దేరుతుంటే గుంపులోంచి ఒక సీసా ముందుకొచ్చింది. ఆయన అలవాటు కొద్దీ అడిగాడు. "నా బిడ్డ ఈ ఎలక్షన్‌లో గెలవాల నాయనా," అంది ఆదిశేషమ్మ. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"యా అల్లా, ఈ తల్లి బిడ్డను ఈ ఎన్నికలో గెలిపించు. మంచి మెజారిటీతో గెలిపించు."

మెజారిటీ సంగతి ఆమె అడగలేదు. వారం రోజులుగా ప్రచారంలో తిరుగుతున్నాడు గనుక ఆ మాట దానంతటదే నోటికొచ్చింది.

ఎదుటి పార్టీవాళ్ళు దీన్ని దొంగచాటుగా తీశారా అంటే వాళ్ళకంత శ్రమ కూడా కలగలేదు. నిన్నటి ప్రచారం మొదలవడాన్ని లైవ్ పెట్టింది ఆయన కూతురు మునీరాయే. నెల్లూరులో లా చదువుతూ, సెలవుల్లో తండ్రి ఎన్నికల పని నెత్తిన వేసుకున్న పిల్ల. ఆ లైవ్ కింద పెద్ద అక్షరాలతో 'మన అభ్యర్థి కరీముల్లా గారిని గెలిపించండి' అని రాసి ఉంది. దాని పైన అభ్యర్థి గారు హజరత్తయ్యను గెలిపించమని దేవుణ్ణి వేడుకుంటున్నారు.

"సాబ్, ఒకసారి బయటికి రాండి," అని వరండాలోంచి హరినాథ్ పిలిచాడు.

కరీముల్లా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. ఖైరున్‌బీ తలుపు తెర వెనక నిలబడింది. తెర కింద ఆమె పాదాలు కనిపిస్తూనే ఉన్నాయి. కుడికాలి బొటనవేలు నేలను కొడుతోంది.

"ఇది చదవండి," అని హరినాథ్ ఒక కాగితం ఇచ్చాడు. "దీన్ని చూసి ఫోనులో చెప్పేస్తే చాలు. ఒక్క నిమిషం వీడియో. కవరు మీ చేతిలో పెట్టేస్తా."

కరీముల్లా కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివాడు. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, సదరు వృద్ధురాలు నన్ను మోసపుచ్చి నాచేత దువా చేయించుకొన్నందున, సదరు దువా చెల్లదనియు, దానిని నేను ఉపసంహరించుకొనుచున్నాననియు..."

"దువాకి విత్‌డ్రాయల్ ఫారం కూడా ఉందా అంకుల్?" అంది గడప దగ్గర కూర్చున్న మునీరా.

"నువ్వు గమ్మునుండమ్మా. నిన్న నువ్వు చేసిన లైవు చాలు మాకు," అన్నాడు హరినాథ్.

మునీరా తల దించుకుంది. ఆ మాట ఆ పిల్లకు గుచ్చుకుంది. రాత్రి నుంచి తనను తాను అదే తిట్టుకుంటోంది.

"నాయనా హరినాథ్, ఊదిన గాలి వెనక్కి ఎట్టా పీల్చుకునేది?" అన్నాడు కరీముల్లా మెల్లగా.

"అది మీ కష్టం. నా కష్టం వినండి. ఊళ్ళో జనానికి మీ ఊదుడు మీద నమ్మకం. దాన్ని చూసే మన పార్టీ పెద్దాయన మీకు టికెట్ ఇచ్చినాడు. ఇప్పుడు మీ దువా పనిచేస్తుందంటే హజరత్తయ్య గెలవాల. పనిచెయ్యదంటే మీకు ఓటెందుకు ఎయ్యాల? టీకొట్టు కాడ నన్ను ఇదే అడిగినారు. ఏం చెప్పమంటారు?"

కరీముల్లా ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

ఈ మనిషి రాజకీయాల్లోకి రావాలని ఎన్నడూ అనుకోలేదు. రొయ్యల గుంటలు పెరిగి ఊళ్ళో బోరునీళ్ళు ఉప్పగా మారినప్పుడు, మంచినీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. ట్యాంకరు కనపడగానే మసీదు మైకులో "నీళ్ళొచ్చాయి, బిందెలు తెచ్చుకోండి" అని చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత రాని రోజున "ఇవాళ రాలేదు, అడుగుదాం రండి" అన్నాడు. ఆ రోజు ఆయన వెనక నాలుగు వందల బిందెలు మండలాఫీసుకి నడిచాయి. ఆయన రాజకీయమంతా అంతే. పోయిన నెల ఇమాం పని మానుకున్నాడు. కొత్త ఇమాం వచ్చేశాడు. మసీదు ఇచ్చిన ఈ ఇల్లు నెలాఖరుకి ఖాళీ చేయాలి.

తెర వెనక నుంచి ఖైరున్‌బీ గొంతు వినిపించింది. "ఆ కాయితం చదివెయ్యండి."

తెలుగే. కానీ "ఏందయ్యా" లేదు. కరీముల్లాకు అది మరీ భయం వేసింది.

"చదివెయ్యండి," అంది మళ్ళీ. "ఇమాం పని పాయె. ఇల్లు పోతా ఉండాది. ఇప్పుడు ఇది గూడా పోతే నేను ఎవుర్ని? ఇమాం పెళ్ళాన్ని కాదు, లీడరు పెళ్ళాన్ని కాదు. నీళ్ళ కాడికి పోతే నన్ను ఏమని పిలుస్తారు?"

గేటు దగ్గర సుశీల్ కుమార్ ఎండలోంచి నీడలోకి ఒక్క అడుగు జరిగాడు. ఆ అడుగు ఇంటివైపే వేశాడు.

అంతలో మునీరా ఫోనులోంచి నిన్నటి వీడియో మళ్ళీ వినిపించింది. "మంచి మెజారిటీతో గెలిపించు..." వెంటనే గుంపులోంచి ఒక గొంతు, అందరికంటే గట్టిగా, "ఆమీన్!" అంది.

మునీరా దాన్ని ఆపి, వెనక్కి జరిపి, మళ్ళీ పెట్టింది. "ఆమీన్!"

"అంకుల్," అంది, "ఇది మీ గొంతే కదూ?"

హరినాథ్ మొహంలో రంగు మారింది. "నాదెట్ట అవుతాది? నేను..."

"మీరే. ఇదిగో, పసుపు కండువా, చెయ్యి పైకెత్తారు."

తెర వెనక బొటనవేలు ఆగింది.

"సాబ్ ఏం చదివినా ఆమీన్ అనమని పార్టీలో చెప్పినారమ్మా!" అన్నాడు హరినాథ్ ఏడుపు గొంతుతో. "మైనారిటీ ఓట్ల కోసరం అందరం నేర్చుకున్నాం. ఎవురి కోసరం చదవతా ఉండారో నాకేం తెలుసు? నేను గూడా కళ్ళు మూసుకోనే ఉండా!"

కరీముల్లా నవ్వాపుకోలేకపోయాడు. గడ్డం అదురుతూ, భుజాలు కదులుతూ నవ్వాడు. కాసేపటికి హరినాథ్ కూడా నవ్వబోయి, చంకలో కవరు గుర్తొచ్చి మానుకున్నాడు.

"ఎవురికీ చెప్పబాకమ్మా," అన్నాడు మునీరాతో. "వీడియో మాత్రం కావాల్సిందే. నేనడిగేది కాదు, పెద్దాయన అడిగేది."

అప్పుడే గేటు చప్పుడైంది. సుశీల్ కుమార్‌ను పక్కకు నెట్టుకుంటూ ఒక ముసలామె లోపలికి వచ్చింది. చేతిలో నిన్నటి సీసా. అందులో నీళ్ళు నిన్న ఎంతవరకు ఉన్నాయో ఇవాళా అంతవరకే ఉన్నాయి.

"ఇమాం సామీ, నీతో ఒక పని పడింది నాయనా," అంది ఆదిశేషమ్మ, మెట్టు మీద కూలబడుతూ.

హరినాథ్ కుర్చీలోంచి లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ సీసాను ఎవరు చూసినా అలాగే భయపడే పరిస్థితి వచ్చింది.

"ఏమైందమ్మా?" అన్నాడు కరీముల్లా.

"మావాడు నీళ్ళు తాగనన్నాడు. పొద్దున్నించీ నా మీద ఎగరతా ఉండాడు. 'నా పరువు తీసినావు, ఎదుటోడి ఊపిరితో గెలిచేంత చేతగానోడినా నేను' అని ఒకటే అరుపు. వాళ్ళ పార్టీవాళ్ళు గూడా వాణ్ణి ఎగతాళి చేస్తా ఉండారంట."

"మీరేమన్నారు?"

"ఏమంటా? పుట్టినప్పుడు ఆ ఊపిరితోనే గదరా బతికినావు అన్నా."

అది ఊళ్ళో అందరికీ తెలిసిన కథే. హజరత్తయ్య పుట్టగానే ఏడవలేదు. ఒళ్ళు నీలం తిరిగిపోతుంటే ఆదిశేషమ్మ అత్త బిడ్డను గుడ్డలో చుట్టుకుని మసీదుకు పరిగెత్తింది. అప్పటి ఇమాం, కరీముల్లా తండ్రి, చదివి మొహాన ఊదాడు. బిడ్డ కేర్‌మన్నాడు. అందుకే ఆ వరి రైతుల ఇంట్లో పిల్లవాడికి, ఇమాంను పిలిచే హజరత్తు అన్న పేరే పెట్టుకున్నారు. ఇప్పుడా పిల్లవాడికి నలభై ఆరేళ్ళు, బట్టతల, ఎదుటి పార్టీ టికెట్టు.

హరినాథ్ కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు. "అవ్వా, నువ్వే ఒక మాట ఫోనులో చెప్పరాదా? సాబ్‌ను మోసం చేసి ఊదించుకున్నానని."

"మోసమా?" ఆదిశేషమ్మ సీసా మెట్టు మీద ఠపీమని పెట్టింది. "ఏందబ్బయ్యా మోసం? ఏం కావాలన్నాడు, చెప్పినా. నా బిడ్డ ఎవురో ఆయనకి తెలవదా, నా పేరు తెలవదా? నలభై ఏండ్లుగా ఈ గడపకే వస్తా ఉండా. బిడ్డకి జరమొస్తే ఇక్కడికే వస్తి. పరీక్షలకి ఇక్కడికే. పెండ్లి కుదరకపోతే ఇక్కడికే. ఇప్పుడు ఎలక్షన్ అని యాడికి పోవాల? వేరే ఇమాంని ఎతుక్కోవాల్నా?"

హరినాథ్ కవరును ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"ఇంకో మాట," అంది ఆమె, గొంతు తగ్గించి. "ఓటు నీకే నాయనా. నీళ్ళు వాడికి, ఓటు నీకు."

"అదేంటి అవ్వా!" అంది మునీరా. "కొడుక్కి ఓటెయ్యవా?"

"వాడి సంగతి నాకు తెలవదా? వాడు గెలిస్తే ఊరికి రోడ్డెయ్యడు, ఇంటికి తిండికి రాడు. కానీ గెలవకపోతే దిగులుపడతాడు. తల్లిని గదా, గెలవాలని మొక్కుకుంటా. ఓటు మాత్రం ఎయ్యను."

తెర కదిలింది. ఖైరున్‌బీ చెయ్యి ఒక్కటే బయటికి వచ్చి, ఒక టీ గ్లాసును మెట్టు మీద పెట్టి లోపలికి పోయింది. స్టవ్ ఎప్పుడు వెలిగించిందో ఎవరూ చూడలేదు.

ఆదిశేషమ్మ టీ తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. వెళ్ళేముందు కరీముల్లా మొహంలోకి చూసింది.

"ఆ దువా నువ్వు వాపసు తీసుకుంటా ఉండావని ఊళ్ళో అంటా ఉండారు. తీసుకునేదుంటే నా మొహం మీద చెప్పు నాయనా. ఈ నీళ్ళు ఇక్కడే పారబోసి పోతా. ఇంటిదాకా మోసుకోని పోయి అక్కడ దిగులుపడేది నావల్ల కాదు."

కరీముల్లా వంగి, సీసా తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంటికి తీసుకుపోమ్మా. పడుకునేటప్పుడు తాగించు. మజ్జిగలో కలిపితే వాడికి తెలియదు."

ఆమె సీసాను కొంగులో దాచుకుని వెళ్ళిపోయింది. హరినాథ్ తల పట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం నమాజుకు పిలిచే జొహర్ అజాన్ వినిపించింది. కొత్త ఇమాం గొంతు పడుచు గొంతు, కొంచెం వణుకుతోంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఈ వేళకు ఈ ఇంట్లో కరీముల్లా ఉండేవాడు కాదు. ఖైరున్‌బీ తెర వెనక కొంగు తలమీదికి లాక్కుంది. ఇంట్లో ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఆయన లేచి, కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుని, మసీదుకు వెళ్ళి, రెండో వరసలో నిలబడి నమాజు చేసుకుని వచ్చాడు.

వచ్చేసరికి గంట ఒకటీ యాభై.

"మునీరా, లైవ్ పెట్టు," అన్నాడు.

"రికార్డు చాలు సాబ్! ముందు నేను చూసి..." అని హరినాథ్ లేచాడు.

"నిన్నటిది లైవే గదా నాయనా. దానికి జవాబు కూడా లైవ్‌లోనే చెప్పాలి."

మునీరా ఫోను పట్టుకుంది. హరినాథ్ రాసిచ్చిన కాగితాన్ని కరీముల్లా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"అందరికీ సలాం, నమస్కారం. నిన్న ఆదిశేషమ్మ గారు అడిగారు, నేను దువా చేశాను. తెలిసి చేశానా, తెలియక చేశానా అని నా భార్య అడుగుతోంది. అలవాటుగా చేశాను. కానీ మనసుతోనే చేశాను. దాన్ని వాపసు తీసుకోను. ఎవరైనా వచ్చి అడిగితే మళ్ళీ చేస్తాను. మసీదు మెట్ల మీద నేను ఏ బిడ్డ ఎవరిదని అడగలేదు. రేపు మీరు గెలిపిస్తే ఆఫీసులో కూడా అడగను. నా దువా అందరికీ. మీ ఓటు మాత్రం నాకు వెయ్యండి. వెయ్యబుద్ధి కాకపోతే హజరత్తయ్యకు వెయ్యండి. అతను కూడా మంచివాడే."

"మంచివాడంట!" అని హరినాథ్ గోడకు ఆనుకున్నాడు.

ఫోను ఆపీ ఆపకముందే హరినాథ్ జేబులో ఇంకో ఫోను మోగింది. పెద్దాయన. హరినాథ్ పెరట్లోకి పరిగెత్తాడు. అరగంట సేపు అక్కడినుంచి "సార్... సార్... అవును సార్... లేదు సార్" అని మాత్రమే వినిపించింది. కరీముల్లా కళ్ళు మూసుకుని తస్బీహ్ పూసలు జరుపుతూ కూర్చున్నాడు. సుశీల్ కుమార్ ఇప్పుడు గేటు దగ్గర లేడు. మెట్ల దగ్గరున్నాడు.

హరినాథ్ తిరిగొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది.

"తిట్టినాడా?" అంది తెర వెనక ఖైరున్‌బీ.

"తిట్టాల్నో మెచ్చుకోవాల్నో ఆయనకే తెలవడం లేదక్కా. జనం లవ్ గుర్తులు పెడతా ఉండారంట. పక్క మండలం వాళ్ళు ఫోన్ చేసి, 'మీ కేండిడేటా, వాళ్ళ కేండిడేటా' అని అడగతా ఉండారంట. చివరికి, 'ఎవురి పేరు రాయాల్నో నువ్వే రాసి ఇచ్చెయ్ పో' అన్నాడు."

"పేరు రాయడమేంది?"

హరినాథ్ కవరు తీసి, కాగితం బయటికి లాగి బల్ల మీద పెట్టాడు. సంతకం ఉంది. స్టాంపు ఉంది. అభ్యర్థి పేరు రాయాల్సిన గీత మాత్రం ఖాళీగా ఉంది.

"అంటే పొద్దున్నించీ ఖాళీ కాయితం చంకలో పెట్టుకోని మమ్మల్ని ఆడిస్తా ఉండావా?" అంది ఖైరున్‌బీ.

"నన్నూ ఆడిస్తా ఉండారు గదక్కా!" హరినాథ్ నిజంగానే బాధపడ్డాడు. "నేను రాయను. రాసి ఓడితే తప్పంతా నాదంటారు. గెలిస్తే గొప్ప ఆయనది. సాబ్, మీరూ మీరూ తేల్చుకోండి. మండలాఫీసుకి బండి మీద పావుగంట. రెండూ ఇరవై ఐదు అయింది."

జేబులోంచి పెన్ను తీసి కాగితం పక్కన పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కరీముల్లా పెన్నువైపు చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి సగంలో ఉండగానే సుశీల్ కుమార్ ఆయన ముందుకొచ్చి, తలమీద రుమాలు కప్పుకుని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతిలో అరలీటరు నీళ్ళసీసా. మూత ముందే తీసి ఉంది.

"ఇమాం సాబ్, నాకూ ఊదాల," అన్నాడు.

మునీరాకు అర్థమైంది. "అబ్బాజాన్, వద్దు!" అంది.

కరీముల్లాకు కూడా అర్థమైంది. రొయ్యల మేత అమ్మేవాడికి మనిషి బలహీనత పట్టుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. అరగంట క్రితమే లోకం మొత్తానికి చెప్పాడు, అడిగితే చేస్తానని. ఇప్పుడు చేయననాలి. అలా అంటే, పొద్దున్నే హరినాథ్ ఇచ్చిన కాగితం చదివేసినట్టే.

"ఏం కావాలి నాయనా?" అన్నాడు.

సుశీల్ కుమార్ తల పైకెత్తలేదు. సిగ్గు లేదనడానికి వీల్లేదు, చెవులు ఎర్రబడ్డాయి. "ఆ బీఫారంలో నా పేరు ఉండాల సాబ్."

కరీముల్లా చేతులెత్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎన్ని కోరికలు అల్లాకు అప్పజెప్పాడో లెక్కలేదు. ఏ కోరికకూ ఆయన చేతి నుంచి ఏదీ పోలేదు. ఇది మొదటిది. కళ్ళు మూసుకుని, అక్షరం మార్చకుండా, "యా అల్లా, ఈ బిడ్డ పేరు ఆ కాగితం మీద ఉండేట్టు చెయ్యి," అని సీసాలో ఊదాడు.

సుశీల్ కుమార్ నీళ్ళు తాగాడు. లేచి, పెన్ను తీసి, రెండు చేతులతో మర్యాదగా ఆయనకు అందించాడు. "మీ చేత్తోనే రాయండి సాబ్. దువా మీదే గదా."

అప్పుడు తెర పక్కకు జరిగింది.

ఖైరున్‌బీ వరండాలోకి వచ్చింది. పరాయి మగవాళ్ళ ముందుకు ఆమె అలా రావడం ఆ ఇంట్లో అంతవరకూ ఎవరూ చూడలేదు. తల నిండా కొంగు, చేతిలో స్టీలు గ్లాసు, గ్లాసు నిండా నీళ్ళు. ఆమె సుశీల్ కుమార్‌ను చూడలేదు, హరినాథ్‌ను చూడలేదు. నేరుగా వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"అజీ," అంది. "నాకూ ఊదండి."

కరీముల్లా ఆమె వంక చూశాడు. ఊరంతా ఆయన దగ్గరికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఖైరున్‌బీ ఒక్కసారి కూడా గ్లాసు పట్టుకుని రాలేదు. జ్వరమొస్తే మాత్ర వేసుకునేది. కష్టమొస్తే తెలుగులో తిట్టేది. ఆమెకు ఏం కావాలో ఆయన ఎన్నడూ అడగలేదని ఇప్పుడే తెలిసింది.

"ఏం కావాలి?" అన్నాడు.

"నా మొగుడు గెలవాల."

ఆ మాట ఆమె అరవలేదు. కళ్ళనిండా నీళ్ళతో, ఆయనకు మాత్రమే వినిపించేంత మెల్లగా అంది.

బల్ల మీద కాగితం ఫ్యాను గాలికి రెపరెపలాడుతోంది. సుశీల్ కుమార్ చాచిన పెన్ను ఇంకా అలాగే ఉంది. కరీముల్లా చేతులు పైకి లేచాయి. ఈసారి కళ్ళు మాత్రం మూసుకోలేదు.